చెవిటి కాటన్న కొట్టిన డప్పు

వేపలగట్టు రాజు మల్లభూపతికి నూరు అనే అంకె మీద మోజు పుట్టింది. సభామందిరం గోడల మీద అతడు వేటాడిన దుప్పుల కొమ్ములు తొంభై తొమ్మిది జతలున్నాయి. నూరో జత తగిలించిన రోజున ‘మృగయాసింహ’ అన్న బిరుదు చదివించుకోవాలని నిశ్చయించుకున్నాడు.

వేటకు ఇద్దరు కొలువువాళ్ళుండేవారు. ఒకడు వేటల అధికారి శూరపనాయకుడు. రెండోవాడు కాటన్న, అడుగుజాడలు చూసి జంతువు ఎటు పోయిందో చెప్పేవాడు. కాటన్నకు పుట్టుచెవుడు. చేతులతో మాట్లాడేవాడు. పక్కన నిలబడి ఆ మాటను నోటితో చెప్పడం భార్య సన్నెమ్మ పని. అప్పుడప్పుడు తన మాట కూడా కాస్త కలిపేది.

మూడేళ్ళుగా కాటన్నకు పని లేదు. శూరప రాజును మంచె ఎక్కించి, ఆ మంచె కిందే డప్పు కొట్టించేవాడు. కాసేపటికి ఒక దుప్పి పొదల్లోంచి వచ్చి బాణానికి ఎదురుగా నిలబడేది.

“అంతా తమ పరాక్రమం ప్రభూ! తమ డప్పు మోగితే దుప్పి పారిపోవడం మరిచిపోతుంది” అనేవాడు శూరప.

రాజు నమ్మాడు. ఇలాంటి మాట నమ్మడం ఏ రాజుకూ కష్టం కాదు.

నూరో వేటకు ముందురోజు శూరప సభలో లేచాడు.

“ప్రభూ, ఈ చెవిటివాడికి ఇంకా కొలువెందుకు? వెనక నుంచి పులి వచ్చి గాండ్రిస్తే వీడికి తెలుస్తుందా?”

కాటన్న అతని పెదవులనే చూస్తున్నాడు. చేతులు చకచకా కదిలాయి. సన్నెమ్మ గొంతు సవరించుకుంది.

“వెనక నుంచి వచ్చే పులి గాండ్రించదట నాయకా. గాండ్రించాక చెవులున్నవాడు చేయగలిగిందీ ఏమీ లేదట.”

సభ నవ్వింది. శూరప నవ్వలేదు.

“మాటలకేం! మూడేళ్ళలో ఒక్క దుప్పినైనా చూపించాడా?”

“చూపించమని అడిగిందెవరు?” అంది సన్నెమ్మ. “ఇది ఆయన మాట కాదు, నాది.”

రాజుకు హుషారు పుట్టింది. “రేపు నూరో దుప్పిని నా ముందు నిలబెట్టినవాడిదే వేటల అధికారం. రెండోవాడు ఊరు విడిచి పోవాలి.”

సన్నెమ్మ ముఖం పాలిపోయింది. వాళ్ళుండే ఇల్లు, వెనకున్న జొన్నచేను కొలువుతో వచ్చినవే. కొలువు పోతే అవీ పోతాయి. కాటన్న మాత్రం తాపీగా చేతులు కదిపాడు.

“మొదటి వంతు మా ఆయనకు ఇవ్వాలట. డప్పు కూడా ఆయనే కొడతాడట.”

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు శూరప.

“కొట్టనివ్వండి ప్రభూ! దుప్పుల మాట అటుంచి, ఊరి కుక్కలు కూడా పారిపోతాయి.”

మర్నాడు పొద్దున అడవి అంచున గుడారం వేశారు. రాజు అట్లు తింటున్నాడు. విల్లు పక్కనే ఉంది. బిరుదు చదివే భట్టు నోట్లో మిరియాలు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

కాటన్న మంచె వైపు వెళ్ళలేదు. గుడారం ముందే నిలబడి, డప్పును రొమ్ముకు ఆనించుకున్నాడు. నిదానంగా రెండు దెబ్బలు, గబగబా మూడు. కాస్త ఆగి, మళ్ళీ రెండు, మూడు.

శూరప దగ్గర డప్పు కొట్టేవాడు నోరు తెరిచాడు. “ఇది నా దరువు! వినకుండా ఎలా పట్టాడు?”

“మూడేళ్ళు నీ చేతులు చూశాడు బాబూ” అంది సన్నెమ్మ.

శూరప గబుక్కున లేచాడు. “ఆపించండి ప్రభూ! అపశకునం!”

“కూర్చో. కొట్టనివ్వమన్నది నువ్వే” అని రాజు ఇంకో అట్టు అందుకున్నాడు.

పొదలు కదిలాయి. పెద్ద కొమ్ముల దుప్పి ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. ఆ తర్వాత అయిదు. రాజు చెయ్యి విల్లు మీదికి పోయింది.

పెద్ద దుప్పి రాజును దాటుకుని తిన్నగా శూరప దగ్గరికి నడిచింది. అతని నడుం దట్టీలో మూతి పెట్టింది. శూరప తోశాడు. అది దట్టీ కొస పళ్ళతో పట్టుకుని లాగింది. దోసెడు ఎండు ఇప్పపువ్వు జలజలా నేల మీద రాలింది. తక్కినవన్నీ చుట్టూ మూగాయి.

కాటన్న గుప్పెడు పువ్వు ఏరి రాజు అరచేతిలో పోశాడు. చేతులు కదిలాయి. ఈసారి సన్నెమ్మ తన మాట ఏమీ కలపలేదు.

“నూరో దుప్పి మీ ముందే ఉంది ప్రభూ. బాణం వేయండి. కాకపోతే ముందు ఈ పువ్వు పెట్టండి, దానికి అలవాటు.”

దుప్పులు రాలిన పువ్వు నములుతూనే ఉన్నాయి. రాజు విల్లు వదిలేశాడు.

“నీకెలా తెలిసింది?”

“డప్పు మోగితే అడవి దుప్పి దూరంగా పారిపోతుంది. ఇవి చెవులు నిక్కించుకుని డప్పు దగ్గరికే వచ్చేవి. మీరంతా డప్పు విన్నారు. నేను వాటి చెవులు చూశాను” అని కాటన్న చేతుల మాట చెప్పింది సన్నెమ్మ.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“రోజూ చెబుతూనే ఉన్నాడు ప్రభూ. మచ్చికై దగ్గరికొచ్చేదాన్ని కొట్టడం వేట కాదని కూడా చెప్పాడు. పని లేనివాడి చేతుల వైపు ఎవరు చూస్తారు? ఇది మాత్రం ఇద్దరి మాటా.”

భట్టు నెమ్మదిగా ముందుకు వంగాడు. “ప్రభూ, బిరుదు చదవమంటారా?”

రాజు అరచేతిలో పువ్వు వైపు చూశాడు. పెద్ద దుప్పి అప్పటికే వచ్చి దాన్ని నాకుతోంది. రాజుకు నవ్వు ఆగలేదు.

“చదువు, దీనికే చదువు! దొంగ వేటగాణ్ణి పట్టింది ఇదే కదా!”

గుడారమంతా విరగబడి నవ్వింది. రాజు తన బంగారు కడియం తీసి కాటన్న చేతికి తొడిగి, వేటల అధికారం అప్పగించాడు. శూరప తలవంచుకుని ఊరి బయటి దారి పట్టాడు. ఏడు దుప్పులు వరసగా అతని వెంట నడిచాయి.