రొయ్యకు వెన్ను ఎందుకు వంగింది?

ఒకప్పుడు రొయ్యలు వంకరగా ఉండేవి కావు. నమ్మరా? తల నుంచి తోక దాకా వెదురుపుల్లలా నిటారుగా ఉండేవి. నీళ్లలో అవి దూసుకుపోతుంటే పక్కనున్న చేపలు ఈత మానేసి చూసేవి. ఆ రోజుల్లో వాటి కళ్లు కూడా మన కళ్లలాగే ముఖంలోనే ఒదిగి ఉండేవి.

గోదారి వెళ్లి సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి ఉంది. అక్కడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి మేకుల్లా నిలబడతాయి. ఆ వేళ్ల మధ్య కాలవల్లో రొయ్యలు పిల్లల్ని పెంచుకునేవి. పిల్లలు ఎదిగాక, పెద్ద పోటు వచ్చి నీళ్లు మళ్లీ వెనక్కి లాగే రోజున, అందరూ కలిసి కాలవ మూతి దాటి సముద్రానికి వెళ్లిపోవాలి. ఆగిపోతే ఎండలకి కాలవ ఇంకిపోయి చచ్చిపోతారు.

వెళ్దామంటే ఆ మూతి దగ్గర పండుగప్ప కాపు కాస్తుండేది. పండుగప్ప అంటే మీరు అక్వేరియంలో చూసే చేప లాంటిది కాదు. అది నోరు తెరిస్తే చుట్టూ ఉన్న నీళ్లన్నీ, నీళ్లలో ఉన్నవాళ్లందరూ లోపలికి పోవాల్సిందే. దాని ముందునుంచి ఆగకుండా, తిన్నగా, బాణంలా పోయిన రొయ్య మాత్రమే బతికేది.

వీరవేణి అనే తల్లి రొయ్యకు పండుగప్ప పేరెత్తితేనే హడల్. ఆమెకు పుట్టిన పిల్లల్లో మిగిలింది మంగ ఒక్కతే. మిగతావాళ్లు కాలవలో ఆడుకుంటూ ఆడుకుంటూ మూతి దాకా వెళ్లి, మళ్లీ రాలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రొయ్య పిల్లలు ఎదిగేకొద్దీ ఒంటిమీది పెంకు బిగుతైపోతుంది. దాన్ని విడిచేస్తే లోపల కొత్త పెంకు ఉంటుంది. ఆ కొత్తది మొదట్లో మీగడలా మెత్తగా ఉంటుంది. అది గట్టిపడేదాకా పిల్ల ఎలా ఉంటే వెన్ను అలాగే నిలిచిపోతుంది. అందుకే పెంకు విడిచే రోజున తల్లి తన పిల్లని ఒక నిలువు వేరు దగ్గరికి తీసుకెళ్లి, వెన్ను ఆనించి నిలబెట్టేది. గట్టిపడేదాకా పక్కనే ఉండి కబుర్లు చెప్పేది. దాన్ని 'వేరు పట్టడం' అనేవారు. పిల్లలకి అది మహా విసుగు. జడ వేస్తుంటే మీరు కదలకుండా కూర్చుంటారా ఏమిటి, వాళ్లూ అంతే.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. అది వెలిసిన మర్నాడు వీరవేణికి వేళ్ల సందులో ఒక ఆల్చిప్ప కనిపించింది. పిడుగు పడ్డప్పుడు ఒక మెరుపు ముక్క అందులో చిక్కుకుపోయిందట. లోపల మిలమిలా వెలుగుతోంది. వంగి చూస్తే బొమ్మలు కనిపిస్తున్నాయి. రంగురంగుల చేపలు గంతులేస్తున్నాయి, నీటిగుర్రాలు పరుగుపందెం పెట్టుకుంటున్నాయి. ఒక బొమ్మ అయ్యేలోపే ఇంకోటి మొదలవుతోంది. ఆ చిప్ప బురదలో కూరుకుపోయి ఉంది కాబట్టి చూడాలంటే మెడ వంచాలి, నడుం వంచాలి.

మంగ అసలే అమ్మని వదిలే పిల్ల కాదు. "అమ్మా, ఆకలి. అమ్మా, ఆడుకుందాం రా. అమ్మా, ఆ పురుగేంటి?" అని రోజంతా ఒకటే గోల. వీరవేణికేమో సముద్ర ప్రయాణానికి ముందే పిల్లకి బలమొచ్చేలా తిండి పోగెయ్యాలని తొందర.

"ఇదిగో, ఇక్కడ కూచుని ఇది చూడు. మూతి వైపు మాత్రం ఎల్లకు, ఏం?" అంది.

మంగ చూసింది. చూసి, ఇక నోరు విప్పలేదు. వీరవేణికి ప్రాణం హాయిగా ఉంది. పిల్ల ఎక్కడికీ పోవడం లేదు, పండుగప్ప భయం లేదు. చెప్పొద్దూ, ఆ రోజు కడుపునిండా తిని కాసేపు కునుకు కూడా తీసింది.

మర్నాడు పక్క వేరు దగ్గరి తల్లి వచ్చి ముచ్చటపడింది. "మీ మంగ ఎంత బుద్ధిగా కూచుందే వీరవేణీ! మావోణ్ణి కూడా పక్కన కూచోబెట్టనా?" అంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. కొన్నాళ్లకి కాలవలో పిల్లల అరుపులే లేవు. చిప్ప చుట్టూ వంగిన వీపులు, లోపలినుంచి వెలుగు, అంతే. అంత నిశ్శబ్దంగా ఉంటే భయం వెయ్యాలి. ఎవరికీ వెయ్యలేదు.

ఒక్క పీత తాతకి వేసింది. ఆయన కాలవకంతటికీ పెద్దవాడు.

"ఏమ్మా వీరవేణీ, పిల్ల మెడ సూసేవా? కొడవలిలాగ అయిపోతంది."

"ఊరుకో తాతా. నువ్వు నడిచేదే అడ్డంగా. నా పిల్ల మెడకి వంకలు పెడతావా?"

అందరూ పకపకా నవ్వారు. పీత తాత నవ్వలేదు. "నాది పుట్టుక, తల్లీ. నీ పిల్లది అలవాటు," అని గుంతలోకి వెళ్లిపోయాడు.

ఆ మాట వీరవేణికి ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు కూతుర్ని గమనించి చూసింది. పెట్టింది చూడకుండానే తింటోంది. పిలిస్తే ఊఁ అంటోంది గానీ తల ఎత్తడం లేదు. మంగ తన ముఖంలోకి చూసి ఎన్నాళ్లయిందో వీరవేణికి గుర్తు రాలేదు. రేపటినుంచి మానిపించేస్తాను అనుకుంది. రేపు వచ్చింది, పనీ వచ్చింది.

మంగ పెంకు చిట్లడం మొదలైంది.

"మంగా, రావే! వేరు పట్టాలి."

"ఈ ఒక్క బొమ్మ అయిపోనీ అమ్మా."

ఆ బొమ్మ అయిపోయింది. ఇంకో బొమ్మ వచ్చింది. పెంకు పూర్తిగా విడవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉందిలే అనుకుంది వీరవేణి. పెంకు విడిచిన పిల్లకి వెంటనే ఆకలేస్తుంది, ఈలోగా కాస్త తిండి తెచ్చేస్తే సరి.

"నేనొచ్చేసరికి వేరు దగ్గరుండాలి. ఇన్నావా?"

"ఊఁ," అంది మంగ, తల ఎత్తకుండా.

వీరవేణి ఆ ఊఁ ని నమ్మి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి చిప్ప పక్కన పాత పెంకు ఖాళీగా పడి ఉంది. వేరు దగ్గర ఎవరూ లేరు. మంగ ఎప్పటిచోటే ఉంది. వీరవేణి తెచ్చిన తిండి వదిలేసి దగ్గరికి దూసుకెళ్లింది.

"మంగా! లేచి నిటారుగా నిలబడు!"

"నిలబడే ఉన్నానమ్మా," అంది మంగ.

 వీరవేణి పిల్లని లాక్కెళ్లి వేరుకి ఆనించింది. తల ఆనితే తోక ఆనలేదు. తోక ఆనిస్తే తల ముందుకి వాలిపోయింది. కాళ్లన్నీ పెట్టి అదిమింది.

"అమ్మా! నొప్పి! వదులమ్మా!"

పెంకు రాయిలా గట్టిపడిపోయింది. అటుపక్క నుంచి ఇంకో తల్లి కేక వేసింది. ఇటుపక్క నుంచి మరొకామె. చిప్ప దగ్గరే పెంకు విడిచిన పిల్లల్లో ఒక్కరికి కూడా వెన్ను తిన్నగా లేదు.

సరిగ్గా అప్పుడే కాలవలో నీళ్లు ఆగాయి. ఆగి, మెల్లగా సముద్రం వైపు తిరిగాయి.

"నీళ్లు లాగేత్తన్నాయి!" పీత తాత గుంతలోంచి అరిచాడు. "ఎల్లండి! ఆగితే ఇంక దారి ఉండదు!"

పిల్లలు ఈదబోయారు. వంగిన ఒళ్లు ముందుకి పోవడం లేదు. ఎంత కొట్టుకున్నా ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నారు. నీళ్లు మాత్రం వాళ్లని మూతి వైపు ఈడ్చుకుపోతున్నాయి. మూతి దగ్గర నీళ్లు నల్లబడ్డాయి.

"కంగారు పడకండి పిల్లలూ," అంది పండుగప్ప. దాని గొంతు ఎంతో మెత్తగా ఉంది. "మీకు ఆ చిప్ప నచ్చిందా? గాలివానలో దాన్ని మీ వేళ్ల దాకా దొర్లించింది నేనే. బాణాల వెంట పడి పడి అలసిపోయాను. కొక్కేలైతే పట్టుకోవడం తేలిక."

వీరవేణి వెన్ను నిటారుగానే ఉంది. తోక ఒక్క ఊపు ఊపితే సముద్రంలో పడేది. ఆమె ఊపింది, కానీ సముద్రం వైపు కాదు. నెత్తిమీది రంపం ముల్లుతో తిన్నగా పండుగప్ప కంట్లోకి దూసుకెళ్లింది.

పండుగప్ప గిలగిల్లాడి తల విదిలించింది. వీరవేణి మీసం ఒకటి దాని పళ్లలో తెగిపోయింది. ఈలోగా నీళ్లు మంగని దాని పక్కనుంచి మూతి అంచుకి ఈడ్చుకుపోయాయి, కోపంతో అది తెరిచిన నోరు అటు తిరిగింది. మంగ చూపు ఇంకా కాలవలో వెలుగుతున్న చిప్ప మీదే ఉంది.

"మంగా! అటు కాదే! నన్ను చూడు!"

మంగ చూసింది. ఎన్నాళ్లకో అమ్మ ముఖాన్ని చూసింది. దాని పక్కనే తెరుచుకున్న నోటిని కూడా చూసింది. భయంతో కళ్లు ముఖంలోంచి బయటికి పొడుచుకొచ్చేశాయి. ఒళ్లంతా ఒక్కసారి ముడుచుకుపోయింది. ముడుచుకున్న తోక పొట్టకింద నీళ్లని ఫట్‌మని కొట్టింది. మంగ వెనక్కి ఎగిరింది! పండుగప్ప నోట్లోకి ఉత్త నీళ్లే వెళ్లాయి.

"అలాగే కొట్టు! ఆపకు!"

మంగ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఎటు పోతోందో దానికి కనబడదు. కనబడేది అమ్మ ఒక్కతే. ఆ ముఖాన్ని చూస్తూ చూస్తూ కాలవ మూతి దాటి వెనక్కి వెనక్కి పోయింది. దాన్ని చూసి మిగతా పిల్లలూ అలాగే ఎగిరారు. కొందరు దాటారు, కొందరు దాటలేదు.

పండుగప్ప నీళ్లు కలక్కొడుతుండగా వీరవేణి వేళ్ల సందులోంచి తప్పించుకుంది. చివరి బాణంలా సముద్రంలో పడింది. అంత పెద్ద నీళ్లలో పిల్లని వెతుకుతూ తిరిగింది. గొంతు పోయేదాకా పిలిచింది. ఆఖరికి ఒక చిన్న మీసం వచ్చి ఆమె తెగిన మీసానికి తగిలింది.

"అమ్మా! వెనకేముందో కనపట్టం లేదమ్మా. భయమేస్తంది."

"నేనున్నానే. నా మీసం పట్టుకో."

మంగ పట్టుకుంది. పట్టుకుని మెల్లగా అంది, "అమ్మా, నన్ను వేరు దగ్గరికి తీసుకెళ్లు. ఈసారి కదలకుండా నిలబడతాను. ఒట్టు."

వీరవేణి చుట్టూ చూసింది. సముద్రంలో వేళ్లు లేవు.

ఆమె తన వెన్నునే కూతురి వెన్నుకి ఆనించి నిలబడింది. మంగ పెంకు విడిచిన ప్రతిసారీ అలాగే నిలబడింది. కానీ ఒకసారి వంగి గట్టిపడిన వెన్ను, ఎన్ని పెంకులు మార్చినా, మళ్లీ తిన్నబడలేదు. ఆ చిప్ప మాత్రం ఏ వేరు సందులోనో ఇంకా వెలుగుతూనే ఉందట.

అప్పటినుంచే రొయ్యకు వెన్ను వంగిపోయింది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. అప్పటినుంచే మీద నీడ పడితే చాలు, తోక కొట్టి వెనక్కి ఎగురుతుంది. దాని మీసాలు అంత పొడుగ్గా సాగిపోయి ఇప్పటికీ నీళ్లలో అటూ ఇటూ తడుముతుంటాయి. అమ్మ పక్కనే ఉందా, లేదా అని.