తెడ్డు నాడి

పేరయ శాస్త్రులుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో కల్వం ఉంటే మందు నూరుతూనే ఉండేవారు. లేకపోతే చేతికేదో పని వెతుక్కునేవారు. అడిగినవాడు తన ప్రశ్నను తానే ఒకటికి రెండుసార్లు నెమరు వేసుకున్నాక, "సరే, ఓ పని చెయ్యి" అనేవారు. ఆ పనికీ అడిగిన ప్రశ్నకూ ఏ సంబంధమూ ఉన్నట్టు తోచేది కాదు. ఆయన దగ్గర చదువుకుని వెళ్లినవాళ్లలో కొందరు తమకు జవాబు దొరికిందన్న సంగతి ఇల్లు చేరిన ఏడాదికో రెండేళ్లకో గ్రహించేవారు. అప్పటికి ప్రశ్న మరిచిపోయినవాళ్లూ లేకపోలేదు.

ఆయన వైద్యశాల వంశధార ఒడ్డున ఉండేది. చదువు నాలుగేళ్లు. మొదటి ఏడు ఎముకలు, రెండో ఏడు నరాలూ రక్తనాళాలూ, మూడో ఏడు గుండె, కాలేయం, మూత్రపిండాలు ఒక్కొక్కటీ ఏ పని ఎలా చేస్తుందో. అందుకోసం శిష్యులను పొద్దున్నే ఊరి చివర మాంసం కొట్టుకు పంపేవారు. మేక గుండెను అరచేతిలో పెట్టుకుని, గదులు విప్పి చూసి రావాలి. బాగా ఆచారం ఉన్న ఇళ్ల పిల్లలు మొహం ముడుచుకుంటే, "ముట్టుకోకుండా తెలిసే విద్య కాదురా ఇది. స్నానానికి అంత పెద్ద ఏరు పెట్టుకుని ఏడుపెందుకూ?" అనేవారు. నాలుగో ఏడు రోగాలు.

కూర్మనాథం మూడేళ్లూ చక్కగా చదివాడు. కళ్లకు గంతలు కట్టి చేతికి ఏ ఎముక ఇచ్చినా, కుడిదో ఎడమదో కూడా చెప్పేవాడు. నాలుగో ఏడు రాగానే అతనికి కష్టాలు మొదలయ్యాయి. ఏ రోగం పాఠం జరిగితే ఆ రోగం అతనికి వచ్చేది. పాండురోగం చెప్పిన వారం కనురెప్ప కిందికి లాగి నీళ్ల గాబులో చూసుకుంటూ నిలబడ్డాడు. కడుపులో గడ్డల గురించి చెప్పిన వారం రెండు పూటలు అన్నం మానేసి పొట్ట నొక్కుకున్నాడు. క్షయ పాఠం నాడు నిజంగానే రెండుసార్లు దగ్గాడు. ఆ సాయంత్రం తన కంచమూ చెంబూ వేరే పెట్టమని వంటామెతో చెప్పాడు. 'చదవేస్తే ఉన్న మతి పోయిందట' అని తోటివాళ్లు నవ్వారు గాని, పాపం, అతనికి మాత్రం నవ్వు రాలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? పోనీ తనతోనైనా ఆగిందా అంటే అదీ లేదు. పాలు పోసే మనిషి గోళ్లలో ఒక రోగం కనిపించింది. గుడి పూజారి నడకలో ఇంకొకటి కనిపించింది.

ఒకరోజు పాఠం అయ్యాక అతను లేవలేదు. శాస్త్రులుగారు కల్వంలో శొంఠి నూరుతున్నారు.

"గురువుగారూ, రోగాలన్నీ చదివినవాడికి లోకంలో ఆరోగ్యవంతుడనేవాడు కనిపిస్తాడా?"

కల్వం చప్పుడు చాలాసేపు ఆగలేదు. చివరికి ఆయన చేతికి అంటిన పొడి దులుపుకున్నారు.

"సరే, ఓ పని చెయ్యి. రేపు రేవు దగ్గరకు వెళ్లి, ఆరోగ్యవంతుణ్ని ఒక్కణ్ని వెతికి నా దగ్గరకు పట్టుకురా" అన్నారు.

మర్నాడు కూర్మనాథం రేవులో పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. వచ్చేవాళ్ల కళ్లు చూశాడు, నాలుకలు చూశాడు, బతిమాలి నాడి చూశాడు. ఒక్కడంటే ఒక్కడు సరిగ్గా లేడు. ఎవరి మణికట్టు పట్టుకున్నా లోపల నాడి కప్ప గెంతినట్టు గెంతుతోంది. ఆ గతి ఏమిటో, అది ప్రాణానికి ఎంత చేటో అతనికి కంఠతా వచ్చు. ఇక మిగిలింది పడవ నడిపే పోలయ్య. అరవై దాటినా ఎండలో మెరిసే నల్లటి ఒళ్లు, నలుగురిని ఎక్కించుకుని ఎదురు నీటిలో తెడ్డు వేసే భుజాలు. వీడైనా దక్కుతాడు అనుకున్నాడు కూర్మనాథం. ఎంతో ఆశగా మూడు వేళ్లూ ఆనించి, రోగం ఎక్కడ తప్పించుకుపోతుందో అన్నట్టు గట్టిగా అదిమాడు.

అక్కడా కప్పే.

అతని మొహం పాలిపోయింది. "ఏటి బాబూ, అలగ సూస్తన్నారు?" అన్నాడు పోలయ్య నవ్వుతూ.

శాస్త్రులుగారి ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు నాడిలో ఏం కనిపించినా గురువుకే చెప్పాలి గాని రోగికి చెప్పకూడదు. అది కూర్మనాథానికి తెలియక కాదు. కాని ఎదురుగా ఉన్నది ఎన్నోసార్లు తనను ఏరు దాటించిన మనిషి. జాలి కట్టుబాటును దాటింది.

"పోలయ్యా, ఇకమీదట తెడ్డు పట్టకు. ఇంటికి వెళ్లి పడుకో" అన్నాడు.

పోలయ్య నవ్వు అలాగే ఆగిపోయింది. ఎందుకని అడగలేదు. శాస్త్రులుగారి ఇంటి మాట అంటే ఆ రెండు ఒడ్లలోనూ ఎవరూ ఎందుకని అడగరు. అవతలి ఒడ్డున తన ఇంటి ముందు పడవ కట్టేసి, తెడ్డు భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు.

ఆరోగ్యవంతుడు దొరకలేదని కూర్మనాథం గురువుగారికి చెప్పాడు. ఆయన "ఊఁ" అన్నారు. పోలయ్యతో అన్న మాట మాత్రం అతను చెప్పలేదు. మూడు రోజులు రేవులో పడవ లేదు. సంతకు వెళ్లేవాళ్లు రెండు కోసులు చుట్టు తిరిగి, నీళ్లు మోకాటి లోతున్న చోట ఏరు దాటుతున్నారు. నాలుగో రోజు అదే దారిన, చీర అంచు తడిసిపోయి, పోలయ్య భార్య సన్నెమ్మ వచ్చింది.

"బాబూ, తమ ఇంటి సిన్నబాబు సెప్పిన కాడ్నించీ మా ఆయన మంచం దిగనేదు. గెంజి ఎడితే ముట్టనేదు. వల మా తమ్ముడికి ఇచ్చీసినాడు. పడవ అల్లుడికి ఇచ్చీమంటన్నాడు. నిన్నటి కాడ్నించీ గోడేపు తిరిగి తొంగున్నాడు. మాటే నేదు. ఆడికేటైనాదో సెప్పండి బాబూ, నానేటి సేత్తాను?" అంది. ఏడవలేదు. ఏడుపు దారిలోనే అయిపోయినట్టుంది.

కూర్మనాథం ఆ మాటలన్నీ విన్నాడు. తన మాట నిజమై పోలయ్య పోతున్నాడా, లేక తన మాట వల్లనే పోతున్నాడా? రెండోదే అయితే ఇక తను ఎవరి చెయ్యీ పట్టుకోవడానికి తగడు. అతను జరిగినదంతా గురువుగారికి చెప్పేశాడు.

శాస్త్రులుగారు కోప్పడలేదు. కండువా తీసుకుని భుజాన వేసుకున్నారు. డెబ్బై అయిదేళ్ల మనిషి, ఎండలో, ఆ రెండు కోసులూ నడిచారు. దారిలో మూడుచోట్ల చెట్టు నీడన ఆగారు. ఒకచోట ఆగినప్పుడు, "తప్పు నీ ఒక్కడిదే కాదు. పంపేముందు నీ వేళ్లెలా ఆనుతున్నాయో నేను చూడవలసింది" అన్నారు. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా గుచ్చుకుంది కూర్మనాథానికి.

పోలయ్య నిజంగానే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో కళ్లు లోపలికి పోయాయి. శాస్త్రులుగారిని చూసి లేవబోయి, లేవలేక, చేతులు జోడించాడు.

"ఇతని నాడి చూడు" అన్నారాయన శిష్యుడితో.

కూర్మనాథం మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాడు. అదిమాడు. మళ్లీ కప్ప. మొన్నటికన్నా జోరుగా గెంతుతోంది. తల వంచుకుని ఆ మాటే చెప్పాడు. సన్నెమ్మ గుమ్మంలో కూలబడింది.

శాస్త్రులుగారు గోడకు చేరవేసిన తెడ్డును తీసుకుని, శిష్యుడి ఒడిలో పెట్టారు. "దీని నాడి కూడా చూడు."

"గురువుగారూ?"

"చూడవోయ్. మణికట్టు ఎలా పట్టుకున్నావో అలాగే పట్టుకో. తేడా రాకూడదు."

ఏళ్ల తరబడి చెయ్యి పడీపడీ నున్నబడిన చోట మూడు వేళ్లూ ఆనించి, కూర్మనాథం అదిమాడు. క్షణం గడిచింది. అతని కళ్లు పెద్దవయ్యాయి. వేళ్లు తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

"ఏమైంది? చెప్పు" అన్నారు శాస్త్రులుగారు.

"ఇందులోనూ..." తెడ్డును తిప్పి చూశాడు. "ఇందులోనూ గెంతుతోందండీ."

"కప్పేనా?"

"కప్పేనండి."

"అంత గట్టిగా నొక్కితే ఎదుటివాడి నాడి అణిగిపోతుంది. ఇక మిగిలేది నీ వేలిదే. నీ గుండె దడంతా రేవులో జనానికి పంచిపెట్టి వచ్చావు" అన్నారు ఆయన.

ముందు మంచం కిర్రుమంది. మళ్లీ గోడవైపు తిరిగిన పోలయ్య భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని సన్నెమ్మ పరుగున వచ్చింది. అతను ఏడవడం లేదు.

"తెడ్డుకి కూడా నా జబ్బేనేటి బాబూ?" అన్నాడు, నవ్వు ఆపుకోలేక. "మరి దాన్నీ తొంగోబెట్టీండి. నా పక్కన సోటుంది!"

సన్నెమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ తర్వాత, నాలుగు రోజులు ముద్ద ముట్టనందుకు మొగుణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. కూర్మనాథం ఒక్కడే నవ్వలేదు. పోలయ్య పాదాల మీద చేతులు పెట్టాడు.

"అయ్యో, తప్పు బాబూ!" అని పోలయ్య కాళ్లు ముడుచుకున్నాడు.

"క్షమాపణ తరువాత. ముందు నాడి చూడు. ఈసారి పసిపిల్ల నుదుటి మీద చెయ్యి వేసినట్టు వెయ్యి" అన్నారు శాస్త్రులుగారు.

కూర్మనాథం వేళ్లు ఆనించాడు. ఏమీ తెలియలేదు. ఒక్కసారిగా భయం వేసింది. ఆ భయంతో మళ్లీ నొక్కబోయి, ఆగాడు. ఊపిరి వదిలి చెయ్యి ఇంకా తేలిక చేశాడు. అప్పుడు అడుగునుంచి మెల్లగా పైకి వచ్చింది. నిదానంగా, తప్పకుండా, నిండు ఏటిలో తెడ్డు పడినట్టు ఒకదాని వెనుక ఒకటి. నాలుగేళ్ల చదువులో అతను వేరొకరి ప్రాణాన్ని వేళ్లతో తాకడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం అతను ఎరగడు.

పోలయ్య రెండు చెంబుల గంజి తాగాడు, ఉప్పుచేప నంజుకుని. గురుశిష్యులను మళ్లీ ఎండలో నడిపించేది లేదని పట్టుబట్టి, పడవ విప్పాడు. సన్నెమ్మ ఎంత చెప్పినా వినలేదు. మొదట చెయ్యి కాస్త తడబడినా, నడి ఏటికి వచ్చేసరికి ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు.

కూర్మనాథానికి తన ప్రశ్న గుర్తుకొచ్చింది గాని, అడగడానికి మొహం చెల్లలేదు. శాస్త్రులుగారు తమంత తామే చెయ్యి చాపారు. "చెయ్యి కుదిరిందిగా. నాది కూడా చూడు."

అతను భక్తిగా, తేలికగా పట్టుకున్నాడు. ముసలి చర్మం కింద నాడి సన్నగా నడుస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది రాలేదు. కాస్త ఆగి, మళ్లీ ఒకటి. పొరపాటు పడ్డానేమోనని ఊపిరి బిగబట్టి చూశాడు. పొరపాటు లేదు. ఇది తన నాడి కాదు, తన భయమూ కాదు. ఈ గుండెతోనే ఆయన పొద్దున రెండు కోసులు నడిచారు. మూడుచోట్ల చెట్టు కింద ఎందుకు ఆగారో ఇప్పుడు తెలిసింది.

కూర్మనాథం తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు.

"అయిదోది ఎగ్గొడుతోందా?" అన్నారాయన. "పద్దెనిమిదేళ్లుగా అంతే. అలా అలవాటు పడ్డాం, అదీ నేనూ."

ఆయన చెయ్యి వెనక్కు తీసుకుని, పడవ అంచు మీదుగా ఏటి నీళ్లలో పెట్టారు. చల్లగా తగిలింది కాబోలు, కళ్లు సగం మూసుకున్నారు. పోలయ్య కూనిరాగం తీస్తూ తెడ్డు వేస్తున్నాడు. ఒడ్డు దగ్గరపడుతోంది.

"ఆరోగ్యవంతుడు కనిపిస్తాడా అని అడిగావు" అన్నారు, కళ్లు తెరవకుండానే. "ఈ పడవలోనే ముగ్గురం ఉన్నాం."