గాలం లేని పిండి

మా గురువు పేరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. కాలవ లాకుల దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడికో నడిపించి, ఏదో చూపించి తీసుకొస్తారు. చలికాలంలో ఇది బాగానే ఉంటుంది. నడివేసవిలో, పదకొండు గంటల ఎండలో, ప్రశ్న అడగనివాళ్లం కూడా వెనకాల నడవాల్సి రావడమే నాకు గిట్టదు.

ఆ రోజు అడిగినవాడు కామేశం. చేతిలో బట్టల సంచీతో వచ్చాడు, ఒంటిగంట బస్సుకి విశాఖపట్నం పోతున్నానన్నాడు. అతని మేనమామ పక్షవాతంతో మంచం పట్టి మూడేళ్లయింది. పెళ్లాం బిడ్డలు లేని మనిషి. ఒళ్లు తుడిచేదీ, గంజి పట్టేదీ, పక్క మార్చేదీ అన్నీ కామేశమే. మామకున్న వాచీల కొట్టు ఆయన తరవాత ఇతనిదేనని ఊరంతా అనుకునేది, అతనూ అనుకున్నాడు. నాలుగు రోజుల కిందట ఆ మామ కొట్టుని కాస్తా ఏనాడూ గుమ్మం తొక్కని ఇంకో మేనల్లుడి పేర రాయించేశాడు.

“కొట్టు కోసమే చేశానని జనం అంటున్నారు గురువుగారూ. ఇప్పుడు వెళ్లిపోతే ఆ మాట నిజమైపోతుంది. ఉండిపోతే నా అంత వెర్రిబాగులవాడు ఇంకొకడుండడు. ఈ పొద్దున కూడా గంజి పట్టి, మూతి తుడిచి మరీ వచ్చాను. పక్కింటావిడ సాయంత్రం దాకానే చూస్తానంది. ఆ తరవాత ఆయన గతేమిటో నాకు తెలీదు. అలిసిపోయానండీ. అసలు మూడేళ్లూ నేను చేసింది సేవా, వేసింది ఎరా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు, బస్సెక్కుతాను.”

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. చచ్చాంరా దేవుడా అనుకుని నేనూ లేచాను.

మెట్ట కింద చెరువు గట్టు పెనంలా కాలుతోంది. అక్కడ తుమ్మచెట్టు నీడలో గంగులు కూర్చుని ఉన్నాడు. బంగారుతీగ చేపల్ని గాలం వేసి పట్టడంలో ఆ చుట్టుపక్కల అతనికి పేరుంది. గెడకి కట్టిన దారం చివరున్న ఇనప తీగచుట్టకి తవుడూ తెలగపిండీ కలిపిన ముద్ద మెత్తి, రోజూ ఒకే వేళకి, ఒకే చోటికి విసురుతాడు. పిండి నీళ్లలో కరిగి రాలుతుంటే చేపలు మూగుతాయి. ముద్ద పక్కన వేలాడే గాలం సంగతి వాటికి తరవాత తెలుస్తుంది. ఎండాకాలంలో ముద్ద నిమ్మకాయంతకి మించకూడదట. తినగా మిగిలితే పులిసి నీళ్లు చెడతాయి, చేప మళ్లీ ఆ వంక రాదు. అందుకని కొంచెం కొంచెంగా ఇరవై ముప్పైసార్లు విసురుతూనే ఉండాలి. చెయ్యి పడిపోయే పని.

మేం చూస్తుండగా గంగులు నాలుగుసార్లు విసిరాడు, నాలుగుసార్లూ ఖాళీ చుట్టని వెనక్కి లాక్కున్నాడు. కామేశమే ముందు కనిపెట్టాడు.

“గాలం ఏదీ?”

“ఎక్కడిదండీ గాలం! ఉగాదికి చేపల సొసైటీవోళ్లు చెరువు పాడుకున్నారు. గాలమేస్తే గెడ ఇరగ్గొడతామన్నారు.”

“మరి ఈ పిండెందుకు?”

గంగులుకి కోపమొచ్చింది. “ఎందుకేటండీ? నడుం లాగేస్తంది, ఈ ఎండకి కళ్లు తిరుగుతన్నాయి, మానేద్దామనే రోజూ అనుకుంటన్నాను. రెండ్రోజులు మానేశాను కూడాను. మూడోనాడు ఇటేపొస్తే, సరిగ్గా ఈ వేళకి అక్కడే గుంపుగా తిరుగుతన్నాయి. అలవాటు చేసిందెవరు, నేను కాదేటి? సచ్చేంత సిగ్గేసింది.”

“రేపు వలేసి పట్టుకుపోయేది సొసైటీవాళ్లేగా?”

“పట్టుకుపోతారు,” అన్నాడు గంగులు ఇంకో ముద్ద మెత్తుతూ. “ఆళ్ల సంగతి ఆళ్లది. కాస్త పక్కకి జరగండి, మీ నీడ పడితే బెదిరిపోతాయి.”

కామేశం జరిగాడు. ఆ ఎండలోనే ఇంకో ఏడెనిమిది ముద్దలు పడేదాకా చూస్తూ నిలబడ్డాడు.

తిరుగుదారి పట్టాం. నాకైతే నాలుక పిడచ కట్టుకుపోయింది. బస్టాండు దారీ, మేనమామ ఇంటి దారీ విడిపోయే చోట కామేశం ఆగి సంచీ భుజం మార్చుకున్నాడు. అతని మొహం చూస్తే జాలేసింది. మూడేళ్లలో పదేళ్లు పైబడ్డాయి.

“అయితే నేను వేసింది ఎరేనంటారా గురువుగారూ?”

“ఎరే నాయనా, కాదని నేననను,” అన్నారు గురువుగారు కండువాతో మెడ తుడుచుకుంటూ. “కానీ గాలం తెగి నాలుగు రోజులయింది. ఈ పొద్దున పట్టిన గంజిలో గాలం ఏదీ?”