మంత్రిగారి సాయంకాలం

సింగవరం అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన ప్రతాపమార్తాండుడు చెడ్డవాడు కాడు గాని, సూర్యుడు కూడా తన కొలువులో ఒక ఉద్యోగే అనుకునే రకం.

ఆయన కోట బురుజు మీద ఒక జేగంట ఉండేది. పక్కనే నీళ్ళతొట్టి, అందులో అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగిగిన్నె. గిన్నె నిండి మునిగిందంటే ఒక గడియ గడిచినట్టు. ఆ లెక్క చూసుకుని వీరోజు అనే ఉద్యోగి జేగంట కొట్టేవాడు. ఊళ్ళో అంగళ్ళు మూసేదీ, కూలీలు పని దిగేదీ ఆ సాయంకాలపు మోతతోనే.

మంత్రి మల్లపరాజు ఊరి చివర పెద్ద మేడ కట్టిస్తున్నాడు. పని త్వరగా తెమలాలని ఆత్రం. ఒకనాడు తానే బురుజెక్కి వచ్చాడు.

"వీరోజూ, ఇకనుంచి సాయంకాలపు గంట కాస్త ఆలస్యంగా కొట్టు."

"గిన్నె మునిగినప్పుడు కొడతానండయ్యా."

"నేను చెప్పినప్పుడు కొట్టు."

"అట్లా కొడితే అది గంట కాదండి, మీ కేక అవుతుంది."

మర్నాడే వీరోజును సరిహద్దు అడవిలోని సుంకం గుడిసెకు బదిలీ చేశారు. ఆ దారిన సుంకం కట్టే మనిషి కాదు గదా, నక్క కూడా నడవదు. అతని చోట మంత్రిగారి బావమరిది శేషప్ప చేరాడు. శేషప్ప గిన్నె వంక చూసిన పాపాన పోలేదు. మేడ దగ్గరినుంచి కబురు వచ్చినప్పుడే కొట్టేవాడు.

కూలీలకు చీకటి పడినా సాయంకాలం అయ్యేది కాదు. మట్టితట్టలు మోసే సుంకులమ్మ చంటిబిడ్డను ఇంట్లో అత్తగారి దగ్గర వదిలి వచ్చేది. బిడ్డ పాలకు ఏడ్చే వేళకు ఆమె ఇంకా నిచ్చెన మీదే ఉండేది. పాలు చేపుకొచ్చి రైక తడిసిపోయేది. చివరికి తెగించి కొలువుకే వచ్చింది.

"అయ్యా, చుక్కలు పొడిచినా పొద్దు గూకలేదంటున్నారు. ఇదేం న్యాయం?"

మంత్రి చప్పున లేచాడు. "చూశారా ప్రభూ! ఈవిడ తమ జేగంటనే తప్పు పడుతోంది!"

రాజుకు పౌరుషం వచ్చింది. అప్పటికప్పుడే ఊళ్ళో చాటింపు వేయించాడు: "రాజుగారి గంట మోగినప్పుడే సాయంకాలం. ముందుగా చీకటి పడిందన్నవారికి కొరడాదెబ్బలు!"

కొలువులో కొండుభట్టు అనే విదూషకుడున్నాడు. అందర్నీ నవ్వించడం అతని పని. ఆనాడు మాత్రం అతని మొహం కందగడ్డలా అయింది.

"ప్రభూ, తప్పు చేయని వీరోజును ఎందుకు పంపేశారు?"

"మంత్రి అడిగాడు, పంపాను. ఉద్యోగులంటే నా చేతి వేళ్ళు. మడవమంటే మడుచుకోవాలి."

"వేళ్ళు తమరివే ప్రభూ. మడుస్తున్నది మంత్రిగారు."

"నోరు ముయ్యి!"

కొండుభట్టు నోరు మూశాడు గాని, మనసు ఊరుకోలేదు.

కార్తీక సోమవారం వచ్చింది. రాజు పగలంతా ఉపవాసముండి, సాయంకాలం పూజ కాగానే భోజనం చేయడం ఆనవాయితీ. ఆ ఉదయం కొండుభట్టు వంటవాడి దగ్గరికీ, పురోహితుడి దగ్గరికీ వెళ్ళి చాటింపు గుర్తుచేశాడు. కొరడా ఎంత పొడవుంటుందో చేతులు చాచి మరీ చూపించాడు.

పొద్దు గూకింది. రాజు కడుపులో పేగులు అరుస్తున్నాయి.

"పురోహితుల వారూ, పూజ మొదలుపెట్టండి."

"సాయంకాలం కావాలి గదా ప్రభూ."

"ఆకాశం నిండా చుక్కలున్నాయి!"

"నాకు కనిపించడం లేదు ప్రభూ. నాకున్నది ఒక్కటే వీపు."

రాజు వంటవాణ్ణి పిలిచాడు. వాడు దీపం చేత్తో పట్టుకుని వచ్చి, "ఇంకా ఎండగానే ఉంది మహాప్రభో" అన్నాడు.

రాజు మండిపడ్డాడు. "ఆ గంట ఎందుకు మోగడం లేదు?"

"రండి, గంట కొట్టమని కబురు వెళ్ళే చోటు చూపిస్తాను" అన్నాడు కొండుభట్టు.

ఇద్దరూ మంత్రిగారి మేడ దగ్గరికి నడిచారు. కాగడాల గుడ్డి వెలుతురులో కూలీలు తడుముకుంటూ ఇటుకలు అందిస్తున్నారు. తట్టతో ఎదురొచ్చిన సుంకులమ్మను రాజు ఆపాడు.

"అమ్మా, ఇంత చీకట్లో పనేమిటి?"

చీకట్లో ఆమె ఆయన్ను పోల్చుకోలేదు. "చీకటంటావేంటయ్యా? వీపు మీద తోలు ఉండాలని లేదా? ఆ రాజు వింటే చంపేస్తాడు. తప్పుకో!"

తన మాటకు జనం భయపడాలని రాజు ఎప్పుడూ కోరుకునేవాడు. ఆ భయం ఒక ఆడమనిషి నోట విన్నప్పుడు సిగ్గుతో తల దించుకున్నాడు.

ఇంతలో మంత్రి తాంబూలం నములుతూ వచ్చి, రాజును చూసి తడబడ్డాడు.

"మల్లపరాజుగారూ, భోజనం అయిందా?" అని కొండుభట్టు ఎంతో మర్యాదగా అడిగాడు. "మీకూ ఉపవాసమే గదా."

"ఆఁ, చీకటి పడగానే తినేశాను."

"అయ్యయ్యో! గంట మోగకుండానే చీకటి పడిందన్నారే! ప్రభూ, కొరడా తెప్పించమంటారా?"

మంత్రి నోట్లో తాంబూలం అలాగే ఉండిపోయింది. "కొరడా వద్దు," అన్నాడు రాజు. "మంత్రి పదవీ వద్దు. ఈ రాత్రే వీరోజును పిలిపించండి. శేషప్పను బురుజు దింపండి."

తర్వాత తన మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టుకు ఇవ్వబోయాడు.

కొండుభట్టు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. "హారం వద్దు ప్రభూ. ఒక మాట ఇవ్వండి. తన పని సరిగా చేసిన ఉద్యోగిని, ఆ పని చేసినందుకు ఎవరూ తీసెయ్యకూడదు. ఏ మంత్రి అడిగినా."

"ఇచ్చాను."

"తమరు అడిగినా."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. కూలీలంతా తట్టలు దించి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే రాజుగారి కడుపు గట్టిగా మూలిగింది. అది అందరికీ వినిపించింది. రాజు ఆపుకోలేక పగలబడి నవ్వాడు.

"నా కడుపు కూడా నీతో కలిసిందయ్యా! సరే, నేను అడిగినా సరే. ఇక నన్ను అన్నం తిననిస్తావా?"

"వీళ్ళు తిన్నాక ప్రభూ."

ఆ రాత్రి పూజ కాగానే రాజుగారి భోజనశాలలో మొదటి పంక్తి కూలీలది. రాజు స్తంభానికి ఆనుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. సుంకులమ్మ మాత్రం కూర్చోలేదు. తన అన్నం కొంగున మూట కట్టుకుని, ఎవరికీ దండమైనా పెట్టకుండా, బిడ్డ దగ్గరికి పరుగెత్తింది.