అంటించిన పేజీలు

ఏసుపాదం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వచ్చి మీద పడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా నాగజ్యోతి ఆయన దగ్గరికే వెళ్లింది. పాఠం చెప్పడం ఆమెకు నేర్పింది ఆయనే. చీరాల దగ్గర ఒక బడిలో ఆమె కొత్తగా టీచరుగా చేరింది.

"హిట్లర్ కాలంలో యూదుల్ని ఊచకోత కోసిన సంగతి నాలుగో తరగతి వాళ్లకు చెప్పొచ్చా మాస్టారూ? పసిమనసులు కదా, బెదిరిపోతే?"

మాస్టారు అలమర తెరిచి ఒక బొమ్మల పుస్తకం తీసిచ్చారు. "రేపు ఇది చదివి వినిపించు. నేనూ వచ్చి వెనక కూర్చుంటా."

అందులో మిరియం అనే చిన్న యూదు పిల్ల కథ ఉంది. అమ్మ చేసే రొట్టె, బడి, యూదులని గుర్తుపట్టడానికి కోటు మీద కుట్టుకోమన్న పసుపు నక్షత్రం దాకా, ఆ రాత్రి ఇంటి దగ్గర చదువుకుంటూ నాగజ్యోతి ఎలాగో ఓర్చుకుంది. సిపాయిలు తల్లీబిడ్డల్ని చావు శిబిరానికి పోయే రైలు పెట్టెలోకి తోసే బొమ్మ దగ్గర మాత్రం ఆమె ప్రాణం ఒప్పలేదు. ఆ ఎదురెదురు పేజీలు రెంటినీ బంక రాసి అంటించేసింది. పిల్లల మీద ప్రేమతోనే చేసింది, అందులో అనుమానం లేదు.

మర్నాడు ఆమె చదువుతుంటే క్లాసంతా ముందుకు వంగి వింది. అంటించిన పేజీ తిప్పగానే దీవెన లేచి నిలబడింది. ముందు బెంచీ పిల్ల, దాని కళ్లు ఊరుకోవు.

"టీచర్, ఆ కాయితం లావుగా ఉంది. లోపల ఇంకేదో ఉంది."

నాగజ్యోతి మాస్టారి వంక చూస్తే ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఇప్పుడు అబద్ధమాడితే ఈ పిల్లలు ఇక తన మాట నమ్మరు. స్కేలు దూర్చి మెల్లగా విడదీసింది. అంచు కాస్త చిరిగినా బొమ్మ బయటపడింది.

"ఆ పాప మళ్లీ ఇంటికొచ్చిందా టీచర్?"

"రాలేదమ్మా. చంపేశారు. అట్టా లక్షలమంది పిల్లల్ని చంపేశారు."

ఎవరూ ఏడవలేదు. దీవెన బల్ల దగ్గరికి వచ్చి, మిరియం బొమ్మ మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం చేస్తన్నావే?"

"సిపాయిలకి కనపడకుండా, టీచర్."

ఇంకో చెయ్యి వచ్చి తల్లిని కప్పింది. తర్వాత చేతులకు చోటు చాలక ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. చివరికి ఆ పేజీలో సిపాయిలు తప్ప ఎవరూ కనబడలేదు. నాగజ్యోతికి కళ్లు నిండాయి గానీ అది ఏడుపు కాదు, గర్వం. వీళ్లు నా పిల్లలు అని ఊరంతా వినేలా అరవాలనిపించింది.

గంట కొట్టాక వరండాలోకి రాగానే ఆగలేక అనేసింది: "చూశారా మాస్టారూ, మా పిల్లల్ని!"

"చూశాను," అన్నారాయన చెప్పులు తొడుక్కుంటూ. "నువ్వూ దాచావు, వాళ్లూ దాచారు. ఎవరి కంట పడకుండానో, అక్కడే తేడా."