కంటకయ్య గీయని బొమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మలుపు దగ్గర ఒక పేట. ఆ పేటలో కంటకయ్య అనే ముళ్లపంది. కంటకయ్య బొమ్మలు గీసేవాడు. ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. తన ముల్లే ఒకటి పెరుక్కుని, తప్పులు గీసుకుంటూ నేర్చాడు. పేటలో అందరి బొమ్మలూ గీశాడు గాని, తన బొమ్మ మాత్రం ఒక్కసారీ గీసుకోలేదు.

"నాకు వినయం ఎక్కువ. నా అంత వినయం ఉన్నవాడు ఈ అడవి మొత్తంలో లేడు," అనేవాడు.

ఎవరూ అడక్కపోయినా అనేవాడు.

ఆ పేటకో పేపరుండేది, వినండర్రా. పేరు 'వాగుమలుపు వార్త'. మోదుగాకుల్ని పుల్లలతో విస్తరిలా కుట్టి, బొగ్గూ తుమ్మబంకా కలిపిన సిరాతో అచ్చేసేవారు. చెక్కమ్మ అనే వడ్రంగిపిట్ట చెక్క దిమ్మ మీద అక్షరాలు చెక్కిపెట్టేది. పూర్వం ఆ విస్తరి అడుగున ప్రతి వారం కంటకయ్య గీసిన బొమ్మల కథ ఒకటి వచ్చేది. తర్వాత గంభీరయ్య అనే అడవిదున్న సంపాదకుడయ్యాడు. "పేపరంటే నవ్వులాటా?" అని బొమ్మలు పీకేసి, ఆ చోట వాగులో నీళ్లెంత లోతున్నాయో వేయించాడు. వాగు ఒడ్డున ఉండేవాళ్లకి వాగు లోతు!

దాంతో పేట జనం పేపరు చదవడం మానేశారు. తినడం మొదలెట్టారు. ఎంతైనా ఆకే కదా! పొద్దున పంచితే మధ్యాహ్నానికి పుల్లలే మిగిలేవి. ఒకరోజు గంభీరయ్యే ఒక మూల నములుతూ దొరికిపోయాడు.

"తప్పులు దిద్దుతున్నా," అన్నాడు.

కంటకయ్యకి ఒళ్లు మండింది. చెక్కమ్మనీ, బొమ్మలకి మాటలు రాసే గోరింక పలుకులమ్మనీ వెంటేసుకుని గంభీరయ్య దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, బొమ్మల కథ మళ్లీ వేద్దాం. నవ్వే నోరు నమల్లేదు. ఇది శాస్త్రం."

"ఏ శాస్త్రంలో ఉందయ్యా?"

"నేను కనిపెట్టిన దాంట్లో."

గంభీరయ్య బుస్సుమన్నాడు. "సరే, మూడు వారాలిస్తాను. సాయంత్రానికి ఒక్క విస్తరైనా తినకుండా మిగిలితే మీ బొమ్మలుంటాయి. లేదంటే ఆ చోటు ఎప్పటికీ వాగు లోతుకే. మళ్లీ నా గుమ్మం తొక్కొద్దు."

కంటకయ్యకి బొమ్మలు తప్ప ఇంకో పని రాదు. కలుగు తవ్వితే అదీ వంకరే. విస్తరి అడుగున ఆ కాస్త చోటూ పోతే, అతని గీతల్ని చూసేది ఆ వంకర కలుగు గోడ ఒక్కటే.

మొదటి వారం చెంగమ్మ అనే జింక బొమ్మ వేశాడు. ఆ బొమ్మలో చెంగమ్మ వాగులో తన అందం చూసుకుంటూ, చూసుకుంటూ, అందులోనే బుడుంగున పడిపోయింది. చూసినవాళ్లు కిసుక్కున నవ్వబోయారు. అంతలో చెంగమ్మ వచ్చింది.

"నా మెడ అంత పొడుగా?" అంది. తన విస్తరి తినేసింది. పక్కవాళ్లదీ లాక్కుని తినేసింది. వాళ్ల చుట్టాల్ని పిలిచి మిగతావన్నీ తినిపించింది.

"పొడుగు మెడే కదా, అంత దూరం నుంచీ అందుకుంది," అంది పలుకులమ్మ. ఆ మాటకి కంటకయ్య నవ్వలేదు.

రెండో వారం అతను జాగ్రత్తపడ్డాడు. అచ్చుకి ముందే బొమ్మని అందరికీ చూపించాడు. ఏనుగు చూసి, "అబ్బాయ్, పొట్ట కాస్త తగ్గించు. నీకు పుణ్యముంటుంది," అంది. తగ్గించాడు. కోతి చూసి, "నా చేతిలో ఆ దొంగ మామిడికాయ ఎందుకు? ఏ పుస్తకమో పెట్టు," అంది. పెట్టాడు. కాకి చూసి చూసి, "రంగు," అని ఊరుకుంది. కంటకయ్య పళ్లు నూరుకుంటూ కాకిని తెల్లగా వదిలేశాడు.

చెక్కమ్మకి చిర్రెత్తింది. "ఏం అన్నా! చెక్కిందే చెక్కి చెక్కి నా ముక్కు అరిగిపోతోంది. సన్నటి ఏనుగు, చదువుకున్న కోతి, కొంగ లాంటి కాకి! ఇందులో నవ్వాల్సింది ఎక్కడో నువ్వే చెప్పు."

"నువ్వు చెక్కమ్మా తల్లీ, నా బుర్ర తినకు!"

ఆ వారం విస్తళ్లని జనం కోపంతో తినలేదు. చూడకుండానే తినేశారు. అది ఇంకా మండింది కంటకయ్యకి.

ఇక మిగిలింది ఒక్క వారం. కంటకయ్య కలుగు ముందు కూలబడి పేటని తిట్టిపోశాడు. "వీళ్లకి పక్కవాడి బొమ్మైతే నవ్వు, తమ బొమ్మైతే ఏడుపు! ఇలాంటి జనానికి ఎవరి బొమ్మ గీసి చావను?"

"ఏడవని వాడి బొమ్మ గీయి," అంది పలుకులమ్మ.

"ఎవడున్నాడు?"

"నువ్వే. నీది గీసుకో."

"ఛ, ఛ. నాకు వినయం..."

"ఆపవయ్యా బాబూ!" అంది చెక్కమ్మ. "పోయిన నేరేడుపళ్ల కాలంలో గంభీరయ్యగారి సన్మానం గుర్తుందా? నిన్ను వేదిక మీదకి పిలిస్తే, 'నేనెంతవాణ్ని, నేనెంతవాణ్ని' అంటూ దణ్ణాలు పెడుతూ వెనక్కి నడిచావు. నడిచి నడిచి పళ్ల బుట్టలో కూర్చున్నావు. పళ్లన్నీ నీ ముళ్లకి గుచ్చుకున్నాయి. నువ్వేమో లేచి ఖాళీ బుట్ట చూసి, 'దొంగ! దొంగ!' అని పేటంతా వెతికావు."

"వెతికాను. పేటంతా నా వెనకే వచ్చింది కూడా," అన్నాడు కంటకయ్య ఛాతీ విరుచుకుని.

"ఎందుకొచ్చిందనుకున్నావ్? నీ వీపు మీది పళ్లు కోసుకు తింటూ వచ్చింది."

వాళ్లంతా తనని నాయకుడనుకుని వచ్చారని ఇన్నాళ్లూ అనుకున్నాడు పాపం కంటకయ్య. మెడ తిప్పి వీపు చూసుకోబోయాడు. కనపళ్లేదు.

చివరికి ముల్లు అందుకుని, ఆ కథే గీశాడు. మొదట గీసిన దాంట్లో సన్నటి నడుమూ, దువ్వినట్టున్న ముళ్లూ పెట్టాడు.

"ఈ నెమలి ఎవరన్నా?" అంది చెక్కమ్మ. "నేను చెక్కను."

కంటకయ్య తిట్టుకుంటూ చెరిపాడు. మళ్లీ గీశాడు. ఈసారి పొట్టి కాళ్లు, మొద్దు ముక్కు, వీపు నిండా నేరేడుపళ్లు, ముఖంలో మాత్రం మహా నాయకత్వం. చెక్కమ్మ వెంటనే చెక్కడం మొదలెట్టింది. నవ్వుకి ఆమె రెక్కలు అదురుతుంటే దిమ్మ రెండుసార్లు జారింది.

ఆ వారం విస్తళ్లు పంచారు. కంటకయ్య పొద చాటున దాక్కున్నాడు. మొదట చెంగమ్మ వచ్చింది. ఆకు నోట్లో పెట్టుకుంది. కళ్లు బొమ్మ మీద పడ్డాయి. దవడ ఆగింది. "ఒసేయ్, ఇలా రండే! మన కంటకయ్యే!" అని కేకేసి, ఆకుని ఉమ్మేసి, కొరికిన చోటు సాపు చేసుకుని మా అత్తకి చూపిస్తానంటూ పట్టుకుపోయింది. ఏనుగు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పొట్ట ఎంత ఉందో ఆ రోజు దాచుకోలేదు.

సాయంత్రానికి పేటంతటా విస్తళ్లు మిగిలాయి. గంభీరయ్య నోట్లో కూడా ఒకటి ఉంది. నమలకుండా అలాగే పట్టుకుని, నవ్వాపుకోలేక ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు.

"ఆ చోటు మీదేనయ్యా," అన్నాడు చివరికి. "వచ్చే వారం ఎవరి బొమ్మ?"

"నాది వెయ్యి!" అంది చెంగమ్మ. "మెడ ఎంతైనా ఉండనీ. నీది నువ్వే అంత మొద్దుగా గీసుకున్నాక నాకేం సిగ్గు?"

బొమ్మల కథ మళ్లీ ప్రతి వారం వస్తోంది. కంటకయ్య తన బొమ్మ తను గీసుకోవడం నేర్చుకున్నాడు. కానీ ఎవరైనా ఆ బొమ్మ చూసి నవ్వుతుంటే మాత్రం, పక్కకి చేరి, "నా ముక్కు నిజంగా అంత మొద్దు కాదు, అచ్చులో అలా పడింది," అంటాడు. వాళ్లతో కలిసి నవ్వడం అతనికి ఇంకా రాలేదు.

నీతి: పదిమంది వంకరలు గీసి నవ్వించాలనుకునేవాడు, తన వీపు ఎలా ఉందో ముందు పక్కవాళ్లని అడిగి గీసుకోవాలి.