జంగయ్య అద్దం

భిక్షపతికి ఉస్తాద్ మీద కోపంగా ఉంది. ఆ మాట పైకి అనే ధైర్యం లేదు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, వారం రోజులుగా చాయ్‌లో చక్కెర వేసుకోవడం మానేశాడు. ఉస్తాద్ అది గమనించాడో లేదో తెలియదు. రోజూ లాగే తన కప్పులో రెండు చెంచాలు వేసుకుని నిమ్మళంగా తాగేవాడు.

ఉస్తాద్ అంటే గులాం దస్తగీర్ సాబ్. హైదరాబాద్ పాతబస్తీని నడిపించి చూపించడంలో నలభై ఏళ్లుగా ఆయనకు పేరు. పొద్దున ఆరున్నరకు కూరగాయల మండీ కమాను దగ్గర మొదలుపెడితే, ఇరుకు సందుల్లోంచి చార్మినార్‌కి, అక్కణ్ణించి గాజుల బజారు మీదుగా గడియార స్తంభం దాకా తీసుకెళ్తాడు. దారిలో తందూరు నుంచి అప్పుడే తీసిన నాన్, నహారీ మాంసం పులుసు, ఇరానీ చాయ్, చివర్లో ఒక ముక్క జౌజీ హల్వా. కడుపు నిండాక చరిత్ర బాగా ఎక్కుతుందని ఆయన నమ్మకం.

ఈ విద్యకి పట్టాలేం ఉండవు. ఉస్తాద్ ఇజాజత్ ఇవ్వాలి. ఇజాజత్ అంటే అనుమతి. "ఇక నువ్వు ఒక్కడివే నడిపించు" అని ఆయన ఒక్క మాట అంటే చాలు. భిక్షపతి ఆ మాట కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఒకటో తారీఖు నుంచి పనిలో చేరమని ఒక టూరు కంపెనీ అడుగుతోంది. వాళ్లు కోరింది కూడా దస్తగీర్ సాబ్ నోటి మాటే. నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు, ఇంకా కాదు బేటా అని.

భువనగిరి నుంచి వచ్చిన ఈ పిల్లాడిలో నిజానికి వంక పెట్టడానికేం లేదు. ఏ కమాను ఏ నవాబు కట్టించాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అతిథులతో మర్యాదగా మాట్లాడతాడు. అన్నిటికీ మించి అతని దగ్గర ఒక విద్య ఉంది. వెనక్కి నడుస్తాడు.

గైడన్నవాడు అతిథులకు వీపు చూపించకూడదని అతని సిద్ధాంతం. వాళ్ల ముఖాలు చూస్తూ చెబితేనే మాట చేరుతుంది. అందుకని అరమైలు పొడవున్న మండీ సందంతా, ఆ తోపుడు బండ్ల మధ్య, మూటల మధ్య, చాయ్ పళ్లేల మధ్య, వెనక్కి చూడకుండా వెనక్కే నడుస్తూ కథలు చెబుతాడు. రెండేళ్లలో ఎవరి మోచెయ్యీ అతనికి తగల్లేదు. సందు దాటాక అతిథులు చప్పట్లు కొట్టేవారు. మనవాడు చార్మినార్ తనే కట్టించినట్టు తల వంచి అందుకునేవాడు.

ఉస్తాద్ అలా నడవడు. అందరికంటే ముందు, ముందుకే చూస్తూ, దారిలో ప్రతివాడికీ సలాం చెబుతూ, ఆగుతూ, కదులుతూ వెళ్తాడు. అతిథులకు కనిపించేది ఆయన వీపూ, చంకలో నల్ల గొడుగూ. పాతకాలం మనిషి, ఆయనకిక కొత్త పద్ధతులు రావని భిక్షపతి మనసులోనే క్షమించేశాడు.

ఆ శుక్రవారం ఇరానీ హోటల్లో చక్కెర లేని చాయ్ మింగలేక మింగుతూ, ఉండబట్టలేక అడిగేశాడు.

"నాకేం తక్కువున్నది ఉస్తాద్? ఈ బజార్ నా అరికాళ్లకు తెలుసు. రెండేండ్లల్ల ఒక్కనికి తగల్లే."

దస్తగీర్ సాబ్ ఉస్మానియా బిస్కెట్‌ని చాయ్‌లో ముంచి, మెత్తబడేదాకా చూసి, నోట్లో వేసుకున్నాడు.

"సందు మూలకాడ నేల డబ్బుమని మోగుతదని చెప్తవు గద. కింద సొరంగం ఉన్నదంటవు. అది ఎవరు కట్టిచ్చిన్రు బేటా?"

అది ఇంకా తేలలేదని, పుస్తకాల్లో వెతుకుతున్నానని భిక్షపతి చెప్పాడు. ఆ చోట తన మడమలు రోజూ మోగుతాయి. అతిథులు కూడా వింటారు, వాళ్ల చూపు తన ముఖం మీదా, తన చూపు వాళ్ల మీదా ఉంటుంది. నవాబుల సొరంగం అనగానే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. ఆధారం దొరకలేదన్న మాటేగానీ చప్పుడు మాత్రం నిజం.

"ఆ మూలకే కొత్తిమీర అమ్మే సత్తెమ్మ. ఆమె కూసుంటదా, నిలబడ్తదా?"

"నిలబడే ఉంటది. నెలలకెల్లి కూసున్నది చూడలే. అది గూడ చెప్త గెస్టులకు, ఈ అవ్వ పొద్దంత నిలబడే అమ్ముతది అని."

దస్తగీర్ సాబ్ తల ఊపాడు. రోజూ మండీ సందు శిష్యుడికి వదిలేసి అవతల కలిసే ఆయన, రేపు కమాను దగ్గర్నుంచే తనూ వస్తానన్నాడు. అంతే.

మర్నాడు ఆరుగురు అతిథులు వచ్చారు. విశాఖపట్నం నుంచి రిటైరైన లెక్చరరు దంపతులు, బళ్లారి నుంచి నలుగురు స్నేహితులు. కమాను దగ్గర భిక్షపతి మొదటి కథ చెప్పి నవ్వించాడు. అందరూ సందు మొదటికొచ్చారు. అక్కడ జంగయ్య కటింగ్ షాపు ఉంది. ఉస్తాద్ లోపలికి వెళ్లి, జంగయ్యతో ఏదో గుసగుసలాడి, గోడకున్న అద్దాన్ని మేకు మీద నుంచి తీయించి పట్టుకొచ్చాడు. మూరెడు పొడవున్న అద్దం, చెక్క చట్రం. దాన్ని రెండు చేతులా గుండెకి ఆనించుకుని అతిథుల ముందు నిలబడ్డాడు.

భిక్షపతికి తల కొట్టేసినట్టయింది. అతిథులేమో నవ్వు ఆపుకుంటున్నారు.

"నువ్వు చెప్పేది చెప్పు, నడిచేటట్టే నడువు," అన్నాడు ఉస్తాద్. "చూపు మాత్రం అద్దంల పెట్టు."

కాదనే వీల్లేదు. భిక్షపతి వెనక్కి అడుగు వేశాడు, ఉస్తాద్ ముందుకి అడుగు వేశాడు. అద్దంలో మొదట కనిపించింది తన ముఖమే. జుట్టు ఒక పక్క లేచి ఉంది. మాట్లాడుతూనే సర్దుకున్నాడు. ముసలాయన తనని ఆట పట్టిస్తున్నాడని అప్పటికింకా అనుకుంటూనే ఉన్నాడు.

తర్వాత చూపు తన భుజం దాటి వెనక్కి వెళ్లింది.

బొప్పాయి బండి అతను భిక్షపతి వీపు చూసి, ఉలిక్కిపడి, బండిని ఒళ్లంతా ఆనించి గోడ వైపు తిప్పుతున్నాడు. రెండు పండ్లు దొర్లి కిందపడితే, భిక్షపతి దాటేదాకా ఆగి అప్పుడు ఏరుకున్నాడు. చాయ్ పళ్లెం మోసుకొస్తున్న మనిషి పళ్లేన్ని నెత్తికి పైన ఎత్తి, అరటి గెలల మధ్యకి ఒదిగిపోయాడు. నాన్‌లు తెచ్చే సైకిలాయన దిగి, సైకిల్ని మెట్టెక్కించి నిలబెట్టాడు.

ఉల్లిగడ్డ బస్తా వీపు మీద మోస్తున్న హమాలీ ఒకడు ఎదురుగా వస్తూ ఆగాడు. బస్తా దించడానికి చోటు లేదు. గోడకి భుజం ఆనించి, వంగినవాడు వంగినట్టే, భిక్షపతి దాటిపోయేదాకా నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ముఖంలో విసుగు లేదు. రోజూ చేసే పనిలో ఇదొకటి అన్నట్టుంది.

ఒక్కరైనా పక్కకి జరగమని కేక వెయ్యలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు కూడా. సందు సందంతా తన వీపుని చూస్తూ, తను రాకముందే తనకి దారి ఇస్తోంది.

భిక్షపతి చెబుతున్న కథలో ఒక నవాబు ఏనుగెక్కబోతున్నాడు. ఎక్కకుండానే మిగిలిపోయాడు. భిక్షపతి కాళ్లు మాత్రం అలవాటు కొద్దీ వెనక్కి వెళ్తున్నాయి.

సందు మూల వచ్చింది. అద్దంలో సత్తెమ్మ కనిపించింది. కూర్చుని ఉంది.

అడ్డంగా పరిచిన ఒక చెక్క మీద, ముందు కొత్తిమీర, పుదీనా కట్టలు పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. భిక్షపతి వీపు చూడగానే ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి గోడ మీద వేసింది. మొదట మోకాలి మీద లేచింది, కాసేపు అలాగే ఆగింది, తర్వాత నడుం పట్టుకుని నిలబడింది. తను కూర్చున్న చెక్కని లాగింది. సందుకి అడ్డంగా పోయే మురుగు మోరీ మీద ఒక బండ ఎప్పుడో కూలిపోయినట్టుంది. మోకాలి లోతు గుంట, నల్లటి నీళ్లు. ఆ గుంట మీద చెక్క వేసి, జారకుండా ఒక కొస మీద పాదం పెట్టి నిలబడింది. ఎదురు చూసింది.

మరుక్షణం భిక్షపతి మడమ చెక్క మీద పడింది. డబ్బుమని మోగింది.

అతను అక్కడే ఆగిపోయాడు.

లెక్చరరు గారి భార్య తల వంచి విన్నారు. "ఏదో చప్పుడైంది బాబూ, కింద ఖాళీగా ఉందా? ఏముంది ఇక్కడ?" అని అడిగారు.

సొరంగం నాలిక చివర దాకా వచ్చింది. ఎన్ని వందల మందికి చెప్పిన సొరంగం అది.

"చెక్క అమ్మా," అన్నాడు భిక్షపతి. "అవ్వ కూర్చునే చెక్క."

అప్పుడు వెనక్కి తిరిగాడు. రెండేళ్లలో ఆ సందుని ఎదురుగా చూడడం అదే మొదటిసారి. అతను ఉండేది మూసీ అవతల. బస్సు దిగి పెద్ద రోడ్డు మీదుగా కమాను దగ్గరికి వస్తాడు, గడియార స్తంభం దగ్గర నుంచి అటే వెళ్లిపోతాడు. ఈ సందులో అడుగు పెట్టిందల్లా వెనకడుగులే.

"ఎప్పటికెల్లి అవ్వా ఇట్ల?"

"బండ కూలినకాడికెల్లి. పోయిన బోనాలప్పుడు కూలింది." సత్తెమ్మకి అది చెప్పుకోదగ్గ సంగతిగా తోచినట్టు లేదు. "ముందుకు నడిచేటోళ్లు చూసుకోని దాటుతరు. నువ్వు ఎనకకు నడుస్తవాయె. ఎనక కండ్లు ఎవరికుంటయి బిడ్డా?"

భిక్షపతి వేళ్ల మీద లెక్కపెట్టాడు. బోనాలు అయి తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు ఈ ముసలామె తన కోసం లేచి నిలబడింది. తను నలుగురి ముందూ ఆమెని చూపించి, ఈ అవ్వకి కూర్చోవడం తెలియదని నవ్వించాడు.

"జల్ది దాటున్రి," అంది సత్తెమ్మ. "నా మోకాళ్లు గుంజుతున్నయి."

అతను చెక్క దిగి, నేల మీద కూర్చుని, ఆమె పాదం పెట్టిన చోట తన రెండు చేతులూ పెట్టాడు. అతిథులు ఒక్కొక్కరూ దాటారు. ఉస్తాద్ కూడా అద్దం పట్టుకుని దాటాడు. భిక్షపతి చెక్కని ఎత్తి, తడి ఉన్న వైపు తన చొక్కా కొసతో తుడిచి, దాని చోట దాన్ని వేసి, సత్తెమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె మెల్లగా కూర్చుంది. అతను నిలబడ్డాడు. ఇద్దరూ ఉండవలసిన చోట ఉన్నారు.

ఆ రోజు మిగిలిన దారి అంతా అతను ముందుకి చూస్తూ నడిచాడు. అతిథులకు వీపు కనిపించింది. వెనకే వచ్చిన బొప్పాయి అతన్ని ఆపి, దెబ్బ తిన్న ఆ రెండు పండ్లూ అడిగి కోయించి అందరికీ పెట్టాడు. తియ్యగా ఉన్నాయన్నారు. బస్తా దించి వెనక్కి వస్తున్న హమాలీ పేరు అడిగాడు, బాలనర్సు అట. నాన్ సైకిలాయన తనని అప్పటికే పేరు పెట్టి పిలుస్తున్నాడు. తనే ఆయన పేరు అడగవలసి వచ్చింది. గంటలో దాటే దారి రెండు గంటలు పట్టింది. నహారీ దగ్గరికి చేరేసరికి గిన్నె అడుగంటింది, ఉన్నదే పంచుకున్నారు. చార్మినార్ ముందు నిలబడి సంవత్సరం చెప్పబోయి, కాసేపు మీరే చూడండమ్మా అని తనూ తలెత్తి చూశాడు. దాన్ని కూడా ఎప్పుడూ వీపు వెనకే పెట్టుకుని నిలబడేవాడు.

గడియార స్తంభం దగ్గర హల్వా తిని అతిథులు సెలవు తీసుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లెక్చరరు గారి భార్య మాత్రం, తిరుగు దారిలో ఆ అవ్వ దగ్గర కొత్తిమీర కొనాలి, ఆ సందు ఎటో ఇంకోసారి చెప్పు బాబూ అన్నారు.

ఉస్తాద్, శిష్యుడు మిగిలారు. ఇజాజత్ మాట భిక్షపతి ఎత్తలేదు. అద్దం తను అందుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మోరీ మీదికి ఒక బండ దొరుకుతదా ఉస్తాద్? అడుగున్నర ఉంటే సరిపోతది."

"దొరుకుతది. మోసేటందుకు నలుగురు కావాలె."

"ఉన్నరు ఉస్తాద్. మస్తుమంది ఉన్నరు." ఆ మాట అంటుండగా భిక్షపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

దస్తగీర్ సాబ్ తన నల్ల గొడుగుని అతని భుజానికి తగిలించాడు.

"ఒకటో తారీఖు నుంచి ఇది నీ దగ్గర్నే ఉంటది," అన్నాడు.

ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు భిక్షపతి చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు. ఉస్తాద్ చూసి, బిస్కెట్ల పళ్లెం అతని వైపు జరిపాడు.

ఇద్దరూ మండీ సందులోంచే వెనక్కి వచ్చారు. మూల దగ్గర సత్తెమ్మ లేవబోతే భిక్షపతి చెయ్యి ఊపి కూర్చోబెట్టి, గుంటని చూసుకుని దాటాడు. ఉస్తాద్‌కి చెయ్యి ఇచ్చి దాటించాడు.

కటింగ్ షాపులో జంగయ్య అద్దం లేని గోడ ముందు ఒకాయనకి అంచనాగా మీసం దిద్దుతున్నాడు. అద్దం అందుకుని మేకుకి తగిలించి, కళ్లెగరేసి అడిగాడు.

"ఏం సాబ్, పిలగాడు మొకం మంచిగ చూసుకున్నడా?"

"మొకం రోజూ చూసుకుంటడు," అన్నాడు దస్తగీర్ సాబ్. "ఇయ్యాల వీపు చూసుకున్నడు."